కల్పిత యుద్ధకథలో ‘సరిహద్దు’ అనవచ్చునా?

రెండు పొరుగుదేశాలు ఒక లోయ కోసం పోరాడే కల్పిత కథలో ఆ లోయ అంచును ‘సరిహద్దు’ అనాలా, ‘ఎల్ల’ అనాలా అన్న ప్రశ్న వచ్చింది. నా ఉద్దేశంలో రెండూ కుదరవు. తగవు తీరేదాకా దానిని ‘రేఖ’ అనడమే సబబు.

‘సరి’, ‘హద్దు’ కలిసి, ఇరువురికీ సమ్మతమైన హద్దు అనే అర్థంలో ‘సరిహద్దు’ ఏర్పడిందని కొందరు చెబుతుంటారు. వినడానికి ఇంపుగానే ఉంది గానీ అది నిజం కాదు. పారసీకంలోని ‘సర్‌హద్’ మన నోట ఇలా మారింది. అందులోని ‘హద్’ అరబ్బీ మాట. అయినా ‘సరి’ అనే ధ్వని వల్ల కాబోలు, ఆ పదంలో ఏదో ఒడంబడిక దాగి ఉన్నట్టు తెలుగు చెవికి తోస్తుంది. ‘ఎల్ల’ అచ్చమైన తెలుగే, కానీ నేటి వాడుకలో అది ‘ఎల్లలు లేని ఆనందం’ వంటి చోట్లకు జరిగిపోయింది. ‘పొలిమేర’ ఊరికి చెందిన మాట. దేశానికి తగిలిస్తే సైన్యం కాక మంద దాటుతున్నట్టుంటుంది.

‘రేఖ’ సంగతి వేరు. కశ్మీరులో 1949లో గుర్తించినది ‘కాల్పుల విరమణ రేఖ’. 1971 యుద్ధం తరువాత, 1972 నాటి సిమ్లా ఒప్పందంతో ‘నియంత్రణ రేఖ’ అనే పేరు వచ్చింది. మొదటి పేరు తుపాకులు ఎక్కడ ఆగాయో చెబుతుంది, రెండవది ఎవరి పట్టు ఎంతవరకో చెబుతుంది; ఆ నేల ఎవరిదన్న మాట మాత్రం రెండూ ఎత్తవు. చైనా వైపున ఉన్న ‘వాస్తవాధీన రేఖ’ మరింత జాగ్రత్తగా కూర్చిన పేరు: హక్కు ఎవరిదైనా, వాస్తవంగా ఎవరి అధీనంలో ఉన్నదో అంతవరకే దాని పూచీ. (ఇది వాస్తవ, అధీన పదాల సవర్ణదీర్ఘ సంధి. విడిగా రాసేటప్పుడు కూడా ‘ఆధీనం’ అని దీర్ఘమివ్వడం ఇటువంటి సమాసాలు చూసి అలవాటైనదేమో.)

‘సేన సరిహద్దు దాటింది’ అని కథకుడు రాస్తే దోషి ఎవరో తేల్చేసినట్టే. ‘రేఖ దాటింది’ అంటే ఆ తీర్పు పాఠకుడికి మిగులుతుంది. పాత్రల సంభాషణల్లో మాత్రం ‘సరిహద్దు’ను అలాగే ఉండనివ్వాలి. రేఖను కాపాడుతున్నానని ఏ సైనికుడూ ఇంటికి ఉత్తరం రాయడు.