హోవర్‌ను స్క్రిప్ట్ నుంచి ఆపేదెట్లా?

ప్రశ్న (కడప):
మా మామ కడప బండల షాపుకు వెబ్‌సైట్ చేస్తున్నా. ఒక్కో రకం బండకు ఒక కార్డు. మౌస్ పెడితే కార్డు పైకి లేచి రంగు మారుతుంది, అది సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) హోవర్‌తో చేశా. స్టాకు అయిపోయిన బండ లేవకూడదంటాడు మామ. స్టాకు లెక్క జావాస్క్రిప్ట్‌లో ఉంది. అక్కడ స్టైల్.బ్యాక్‌గ్రౌండ్ ఇస్తే రంగు ఆగింది, లేవడం ఆగలేదు. స్క్రిప్ట్ నుంచి హోవర్‌నే తీసేయొచ్చా అన్నా?

జవాబు (అనంతపురం):
నేరుగా కాదు తమ్ముడూ. స్టైల్ అంటే ఇన్‌లైన్‌గా, అంటే నేరుగా ఆ కార్డు మీదే రాసినట్టే, అందులో హోవర్‌కు చోటు లేదు. ఇన్‌లైన్ రంగు హోవర్ రంగును మించింది కాబట్టి అది ఆగింది. కార్డును లేపే ట్రాన్స్‌ఫామ్‌ను నువ్వు ముట్టుకోలేదు, అది లేస్తూనే ఉంది. ఒక్కొక్కటీ ఇట్లా తొక్కుకుంటూ పోతే స్టాకు మళ్లీ వచ్చినరోజు అన్నీ చెరపాలి, అదో తలనొప్పి. స్టాకు లేకపోతే క్లాస్‌లిస్ట్.టాగుల్‌తో కార్డుకు ‘ఖాళీ’ క్లాసు, అంటే ఒక గుర్తు, తగిలించు. సీఎస్‌ఎస్‌లో హోవర్ రూలును .కార్డు:నాట్(.ఖాళీ):హోవర్ అని మార్చు, అప్పుడు ఆ గుర్తు లేని కార్డులే లేస్తాయి. క్లాసు పేరు తెలుగులో పెట్టినా బ్రౌజర్ ఒప్పుకుంటుంది, నీ తర్వాత వచ్చేవాడు తిట్టుకుంటాడేమో గానీ.

జవాబు (కర్నూలు):
మౌస్‌ను పట్టించుకోవద్దని సీఎస్‌ఎస్‌లో పాయింటర్-ఈవెంట్స్ నన్ అని పెడితే ఒక్క లైనే కదా?

జవాబు (అనంతపురం):
హోవర్‌తో పాటు క్లిక్కు కూడా పోతుంది. ‘మళ్లీ ఎప్పుడొస్తుంది’ అని అడిగే బటన్ ఆ కార్డులోనే ఉంటే?

ప్రశ్న అడిగినాయన:
ఉంది, అందుకే క్లాసు పద్ధతే పెట్టా, పనిచేసింది. కానీ ఫోన్‌లో నొక్కి వేలు తీసినా కార్డు లేచే ఉంటోంది.

జవాబు (కర్నూలు):
టచ్ స్క్రీన్లలో మామూలే. హోవర్ రూలంతా @మీడియా (హోవర్: హోవర్) లోపల పెట్టు, అప్పుడది మౌస్ లాంటిది ఉన్నచోటే పనిచేస్తుంది.