గడ్డం పెంచిన రోజులకు పారితోషికం అడగవచ్చా?

రెండో వరుస:
ఒక సంగతి తేల్చుకోవాలని రాస్తున్నాను. నేను క్యారెక్టర్ ఆర్టిస్టును. తెర మీద చూడగానే "ఇతన్ని ఎక్కడో చూశామే" అనిపించి, పేరు మాత్రం గుర్తుకు రాని ముఖాల్లో నాదొకటి. కిందటి సంవత్సరం ఒక సినిమాలో జైలు నుంచి పారిపోయిన ఖైదీ వేషం వచ్చింది. మొత్తం 11 రోజుల పని. ఆ 11 రోజులూ వరుసగా వచ్చి ఉంటే ఇక్కడికి వచ్చేవాడిని కాను. మొదట 4 రోజులు తీశారు. రెండు నెలల తర్వాత 5 రోజులు. చివరి 2 రోజులు ఇదిగో అదిగో అంటూ సాగి సాగి, అంతా కలిపి 5 నెలలు పట్టింది. "కంటిన్యుటీ ఉంది, గడ్డం ముట్టుకోకండి" అన్నారు, అంటే ముందు తీసిన ముఖమే తర్వాత తీసేవాటిలోనూ కనిపించాలని. ముట్టుకోలేదు. ఈలోపు ఒక సీరియల్‌లో పోలీసు అధికారి వేషానికి పిలిచి, నా ముఖం చూసి వెనక్కి పంపారు. అది నెలకు 10 రోజులైనా ఉండే పని. సినిమావాళ్లు 11 రోజులకు లెక్కకట్టి ఇచ్చారు, అందులో తప్పు లేదు. మిగతా రోజులు ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

పాత మేనేజరు:
22 ఏళ్లు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి మానుకున్నవాడిని. అవతలి ఒడ్డు మాట కూడా వినండి. కాల్షీటు అంటే మీరు సెట్లో ఉన్న సమయానికి లెక్క. పొద్దున వచ్చి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని, ఒక్క షాటూ ఇవ్వకుండా ఇంటికి వెళ్లినా ఆ రోజు డబ్బు ఇస్తాం. ఆ కూర్చున్న గంటల గురించి నటులు ఎన్నడూ ఎత్తరు, గమనించారా? మీ ఇంట్లో, మీరు నిద్రపోతుండగా, మీ ముఖం మీద పెరిగిన గడ్డానికి నిర్మాత ఎందుకు కట్టాలి? అంత నష్టం వస్తుందనుకుంటే గీసుకుని రావలసింది. అతికించే గడ్డాలు లేవా?

మేకప్ పెట్టె:
లేకేం, ఉన్నాయి. సన్నని వలగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుకే ముడివేస్తూ అల్లాలి, మంచిది కావాలంటే రోజులు పడుతుంది. దూరపు షాటుకు ఏదైనా నిలుస్తుంది. క్లోజప్‌లో వల అంచు కనిపిస్తుంది. నటుడు నాలుగు మాటలు గట్టిగా అరిస్తే చెంప దగ్గర లేస్తుంది. చెమట పడితే జిగురు వదులుతుంది, ప్రతి షాటుకూ మేము పరుగెత్తాలి. అందుకే దర్శకులు సొంత గడ్డం అడుగుతారు.

పాత మేనేజరు:
అతికించిన గడ్డాలతోనే వందల సినిమాలు ఆడాయి. ప్రేక్షకుడు కథ చూస్తాడు, జిగురు చూడడు.

మేకప్ పెట్టె:
అప్పట్లో తెర మీద వెంట్రుక వెంట్రుకా విడిగా కనిపించేది కాదు. ఇప్పుడు కనిపిస్తుంది. మీరు మానుకున్న తర్వాత కెమెరాలు మారాయి.

పాత మేనేజరు:
కెమెరాలు మారాయి, నటుల సాకులు మారలేదు.

చివరి బెంచీ:
గడ్డం అతుకుతుందో లేదో తేలాక ఒక మాట చెప్పండి, మళ్లీ వస్తాను.

రెండో వరుస:
అతుకుతుందా అని నేను అడగలేదు. పెంచమన్నది వాళ్లు. పెంచాక, ఆ ముఖంతో వేరే పని దొరకదని వాళ్లకూ తెలుసు. మీసం గీయకుండా ఉండటానికి విలువ ఉందా అంటే, ఉంది. 2017లో 'జస్టిస్ లీగ్' సినిమాకు కొన్ని సన్నివేశాలు మళ్లీ తీయవలసి వచ్చింది. అప్పటికి అందులో సూపర్‌మ్యాన్ వేషం వేసిన హెన్రీ కావిల్ వేరే స్టూడియో వారి 'మిషన్ ఇంపాజిబుల్' సినిమా కోసం మీసంతో ఉన్నాడు. ఆ స్టూడియో దాన్ని తీయనివ్వలేదు. చివరికి మీసంతోనే తీసి, కంప్యూటర్‌లో చెరిపి, సూపర్‌మ్యాన్‌కు కొత్త పైపెదవి గీశారు. అది ఎంత వికారంగా వచ్చిందో చూసినవాళ్లకు తెలుసు. ఒక మీసం కోసం రెండు పెద్ద స్టూడియోలు మాట్లాడుకున్నాయి. నా గడ్డం కోసం ఎవరు మాట్లాడారు?

పాత మేనేజరు:
ఆయన సూపర్‌మ్యాన్. మీరు ఖైదీ. నంబరు కూడా కథలో ఉందో లేదో.

ఒప్పందం చదివే మనిషి:
వెటకారం పక్కన పెడితే, ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకున్న చోటు ఒకటి ఉంది. అమెరికాలో 1933లో స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అని నటుల సంఘం పుట్టింది. ఇప్పటికీ ఆ సంఘం సినిమా ఒప్పందంలో ఒక నియమం ఉంది: నటుడు మొదటిసారి పనిచేసిన రోజుకూ చివరి రోజుకూ మధ్య ఖాళీగా ఉంచిన రోజులకు కూడా డబ్బు కట్టాలి. రోజు లెక్కన పెట్టుకున్న నటుణ్ని మధ్యలో వదిలి, డబ్బు కట్టకుండా మళ్లీ పిలవాలంటే ఆ విరామం 10 రోజులు దాటాలి, అదీ ఒక సినిమాలో ఒక్కసారే. రెండో వరుస గారి లెక్కలో రెండు విరామాలు ఉన్నాయి. చిన్న బడ్జెట్ సినిమాల ఒప్పందాల్లో మాత్రం ఈ నియమాన్ని సడలిస్తారు.

పాత మేనేజరు:
చూశారా, సడలిస్తారు! వాళ్లకే సాధ్యం కాలేదు.

ఒప్పందం చదివే మనిషి:
అంత రాస్తే మీకు చివరి వాక్యమే కనిపించింది. చిన్న సినిమాలకు మినహాయింపు ఇచ్చారంటే, పెద్ద సినిమాలకు నియమం ఉన్నట్టే కదండీ. సినిమాను టీవీలో వేస్తే నటులకు వాటా ఇవ్వాలన్న మాటనూ నిర్మాతలు చాలాకాలం కొట్టిపారేశారు. 1960లో సమ్మె చేస్తే గానీ ఒప్పుకోలేదు.

పాత మేనేజరు:
సమ్మెల గురించి నాకు చెప్పకండి. 2023లో అక్కడ నటులు 118 రోజులు పని ఆపారు. లైట్లు మోసేవాడికీ, సామాను బండి నడిపేవాడికీ ఆ 118 రోజులు ఎవరు కట్టారు? వాళ్ల గడ్డం కూడా పెరిగే ఉంటుంది.

తెర వెనుక గొంతు:
గడ్డం, గడ్డం అంటున్నారు, ఆడవాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. నేను డబ్బింగ్ చెబుతాను, అమ్మ వేషాలు వేస్తాను. ఒక సీరియల్‌లో "జుట్టుకు రంగు వేయకండి, పెద్దరికం కనిపించాలి" అన్నారు. అప్పుడు నాకు 41. సరే అని మానేశాను. ఏడాదిన్నర తర్వాత కథలో ఆ అమ్మను చంపేశారు. ఒకరోజు ముందు చెప్పారు. ఈలోపు నా తెల్లజుట్టు ఫొటోలు అన్ని ఆఫీసులకూ చేరాయి. ఆ తర్వాత అమ్మమ్మ వేషాలకే పిలిచారు. రంగు వేసుకుని వెళ్లినా "మీరు ఆ పెద్దావిడ కదా" అన్నారు. గడ్డమైతే గీసుకుంటే పోతుంది. నాకు వచ్చిన వయసు పోలేదు.

ఆస్కార్ పిచ్చి:
సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. సహాయ నటులకు ఆస్కార్ ఇవ్వడం మొదలుపెట్టింది 1936 సినిమాలతో. మొదటి ఏడేళ్లు వాళ్లకు బొమ్మ ఇవ్వలేదు, పలక ఇచ్చి పంపారు. పూర్తి బొమ్మ 1944 వేడుకలో గానీ దక్కలేదు. బియాట్రిస్ స్ట్రెయిట్ 'నెట్‌వర్క్' సినిమాలో 5 నిమిషాల చిల్లర కనిపించి ఆస్కార్ గెలిచింది. మన ఎస్వీ రంగారావుకు 1964లో జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది 'నర్తనశాల' కీచకుడికే, హీరో పాత్రకు కాదు.

చివరి బెంచీ:
ఆ కీచకుడి మీసం సొంతమా, అతికించిందా? చర్చ దాని గురించి.

పాత మేనేజరు:
అందరూ కలిసి నన్ను విలన్ చేశారు కాబట్టి ఉన్నమాట చెబుతాను. ఒక వేషానికి నా బల్ల మీద 40 ఫొటోలు ఉండేవి. అందులో ఒకటి తీసి ఒకరిని పిలిచామంటే, మిగతా 39 మందిని పిలవలేదని అర్థం. పిలుపు అందుకున్నవాడు ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మేము పిలవకపోతే ఆ గడ్డం ఎవరూ చూడనే చూడరు.

రెండో వరుస:
చూశారా, వచ్చింది అసలు మాట. నేను అన్నం పెట్టమని మీ గుమ్మం ముందు నిలబడలేదు, పనిచేశాను. పైగా ఎవరూ చూడరు అంటున్నారు, నిజమే, ఎవరూ చూడలేదు. సినిమా విడుదలైన రోజు అమ్మనూ పిల్లలనూ తీసుకుని వెళ్లాను. 11 రోజుల్లో మిగిలింది ఒకే ఒక్క షాటు, గోడ దూకుతుండగా వెనుక నుంచి. వీపు మాత్రమే ఉంది, గడ్డం లేదు. మా చిన్నవాడు "నాన్నా, నువ్వు ఎప్పుడు వస్తావు?" అని విశ్రాంతి దాకా అడుగుతూనే ఉన్నాడు. ముందుగా ఫోన్ చేసి "మీ సీన్లు పోయాయి" అని ఒక్కరు చెప్పి ఉంటే కనీసం వాళ్లను తీసుకెళ్లేవాడిని కాను.

ఆస్కార్ పిచ్చి:
హాలీవుడ్ నటుడు ఏడ్రియన్ బ్రోడీకి కూడా ఇలాగే జరిగింది. 1998లో 'ది థిన్ రెడ్ లైన్' లో తనదే ముఖ్యపాత్ర అనుకుని ప్రదర్శనకు వెళ్తే, అక్కడక్కడా నాలుగు ముక్కలు మిగిలాయి.

రెండో వరుస:
ఆయనకు తర్వాత ఆస్కార్ వచ్చింది. నాకు గడ్డం గీసుకునే వీలు వచ్చింది.

పాత మేనేజరు:
ఎడిటింగ్‌లో పోవడం నా చేతిలో లేదు. ఆ మాట ఫోన్ చేసి చెప్పకపోవడం తప్పే, దానికి వాదించను.

కానీ నా వైపు కూడా ఒకటి ఉంది. ఒక సినిమాకు సగం పతాక సన్నివేశం తీసి ఆపాం. మళ్లీ మొదలుపెట్టిన రోజు ఒక నటుడు నున్నగా గీసుకుని సెట్లోకి వచ్చాడు. అరవై మంది నిలబడిపోయారు. లైట్లు, జనరేటరు, అద్దె ఇల్లు, అన్నీ నడుస్తున్నాయి. దర్శకుడు ఆ నటుణ్ని ఒక్క మాట అనలేదు. నన్ను పిలిచి, అందరి ముందు, నా కింద పనిచేసే కుర్రాళ్ల ముందు అన్నాడు. ఆ రోజు ఖర్చులో కొంత నా జీతంలో కోశారు. గడ్డం మాట వస్తే నాకు గుర్తొచ్చేది ఆ నున్నటి ముఖం. మీకు పోయింది ఒక సీరియల్. నాకు పోయింది పరువు.

తెర వెనుక గొంతు:
మేనేజరు గారూ, ఆయన ఎందుకు గీసుకున్నారో అడిగారా?

చివరి బెంచీ:
రెండు రోజులైంది. మేనేజరు గారు మౌనవ్రతంలో ఉన్నట్టున్నారు.

పాత మేనేజరు:
ఊరెళ్లాను, మౌనవ్రతం కాదు. అమ్మా, అడగలేదు, నాకు ముందే తెలుసు. అతనికి వేరే చోట బ్యాంకు ఆఫీసరు వేషం వచ్చింది. నాకు ఫోన్ చేసి "మన షూటింగ్ ఎప్పుడు?" అన్నాడు. "వచ్చే నెల కచ్చితంగా" అన్నాను. ఆ నెల కాలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ అదే అన్నాను. మూడోసారి చేయలేదు.

రెండో వరుస:
నాకు కూడా ఆ మాటే చెప్పారు. అక్షరం మారలేదు. మీరంతా ఒకే బడిలో నేర్చుకున్నారా?

పాత మేనేజరు:
తేదీ నా దగ్గర ఉంటే కదా చెప్పడానికి. హీరో తేదీలు ఖాయమైతే లొకేషన్, లొకేషన్ ఖాయమైతే మిగతా వాళ్లు. వరుసలో మీరు చివర. నేను చెప్పే ప్రతి తేదీ ఇంకొకరి నోటి నుంచి రావలసిందే.

రెండో వరుస:
అయితే "తెలియదు" అనండి.

పాత మేనేజరు:
"తెలియదు" అంటే మీరు గడ్డం ఉంచుతారా?

రెండో వరుస:
ఉంచను. వచ్చిన పని చేసుకుంటాను.

పాత మేనేజరు:
అందుకే అనం.

ఒప్పందం చదివే మనిషి:
ఇంతసేపూ గడ్డానికి డబ్బు ఇవ్వాలా వద్దా అని కొట్టుకున్నాం. ఇవ్వవలసి వస్తే, తేదీ తెలియనివాళ్లు ఎవరినీ గడ్డం పెంచమని అడగరు.

పాత మేనేజరు:
అడగరు. నిజమే. అప్పుడు మేకప్ పెట్టె గారికి పని పెరుగుతుంది, నిర్మాతకు ఖర్చు పెరుగుతుంది, ఖైదీ వేషం రెండు రోజులకు కుదించి రాస్తారు. అది మీకు లాభమో నష్టమో మీరే లెక్కవేసుకోండి. నేను ఇప్పటికీ కాల్షీటు మాటకే కట్టుబడి ఉన్నాను. కాకపోతే ఆ "కచ్చితంగా" అన్న మాట అనకుండా ఉండవలసింది.

రెండో వరుస:
నేనూ నా మాటకే కట్టుబడి ఉన్నాను. సరే, ఒక సలహా ఇవ్వండి, మీకు లోపలి సంగతి తెలుసు. ఇవాళ మధ్యాహ్నం ఒక సినిమా నుంచి ఫోన్ వచ్చింది. 6 రోజుల పని, రెండు షెడ్యూళ్లు. మీసం పెంచమన్నారు. ఎప్పటిదాకా అంటే "చెబుతాం" అన్నారు.

పాత మేనేజరు:
ఫలానా తేదీ దాకా ఉంచుతాను, ఆ తర్వాత నా ఇష్టం అని ఫోన్‌లో సందేశం పెట్టండి. "సరే" అని జవాబు వస్తే దాచుకోండి. నా టైములో ఎవరూ అలా అడగలేదు, అడిగి ఉంటే నాకు కోపం వచ్చేది.

రెండో వరుస:
కోపం వస్తే ఏం చేసేవారు?

పాత మేనేజరు:
రెండో ఫొటో తీసేవాడిని.

రెండో వరుస:
అయినా పెడతాను. రేపు పొద్దున.

మేకప్ పెట్టె:
మీసమే అయితే అతికించవచ్చు, చిన్నది కాబట్టి నిలుస్తుంది. పాత్ర ఎక్కువగా నవ్వేది కాకపోతే చాలు.