సమస్య: కుక్క తోకను పట్టియే గోద నీదె

నిర్వాహకుడు: పై పాదంతో ముగిసేలా పద్యం రాయాలి. ఈ వారం విషయం తొలినాటి రోదసియానాల్లో జంతువులు. కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదలేమని సామెత. ఆ సామెత కాదంటున్న పనిని ఎవరో చేసి చూపించారు, ఎవరో మీరే చెప్పాలి. గోదను ఆకాశం చేసుకుంటారో, చావు చేసుకుంటారో మీ ఇష్టం.

కోనసీమ మాష్టారు:

మనిషికన్నను ముందుగా మంట నోర్చి
శునకములు పోయి వచ్చిన చోటి కేగ
యూరి గాగరిన్ వోస్తొకు నొక్కడెక్కి
కుక్క తోకను పట్టియే గోద నీదె

1961 మార్చి 9న చెర్నూష్కా, 25న జ్వెజ్దోచ్కా అనే సోవియట్ కుక్కలు భూమిని ఒక్కో చుట్టు చుట్టి క్షేమంగా దిగాయి. ఆ రెండోది దిగిన 18 రోజులకే తొలి రోదసియాత్రికుడు గగారిన్ వోస్తోక్ నౌకలో బయల్దేరాడు. తోక పట్టుకోవడమంటే ఇదే కదా!

పద్యప్రియ: ఎత్తుగడ బాగుంది మాష్టారూ. గగారిన్ అంటే గణం (గురులఘువుల లెక్క) చెడుతుంది కాబట్టి గాగరిన్‌ను ఒప్పుకుంటాను. కానీ వోస్తోకును వోస్తొకు ఎందుకు చేశారు? దీర్ఘం ఉంచినా తగణమనే మరో గణమై చక్కగా సరిపోతుంది. అక్కర లేని చోట పేరు కుదించడం మీకు పాత అలవాటే. అసలు బాధ మాత్రం "పోయి వచ్చిన" దగ్గర. 1960 డిసెంబరు 1న వెళ్లిన ప్చోల్కా, ముష్కా అనే కుక్కలు తిరిగి రాలేదు. వాటిని ఏ పాదంలో పెట్టారు?

కోనసీమ మాష్టారు: గగారిన్‌కు ధైర్యం ఇచ్చినవి తిరిగొచ్చిన కుక్కలేనమ్మా. నా పద్యం వాటి గురించి. మిగతావాటి కోసం మీరు రాయండి, చదువుతాం.

పద్యప్రియ: రాశాను.

వీధికుక్కను లైకాను విడిచి నింగిఁ
దిరిగి దించెడి దారియే తెలియకుండ
తాను చూడని తీరము దాకి నరుడు
కుక్క తోకను పట్టియే గోద నీదె

ఓరుగల్లు: రెండో పాదం దగ్గర ఆగిపోయాను. 1957 నవంబరు 3న లైకాతో స్పుత్నిక్-2 ఉపగ్రహం ఎగిరినప్పుడు దాన్ని దించే ఏర్పాటే లేదు. వెళ్లే ముందు వైద్యుడు యాజ్‌దోవ్‌స్కీ లైకాను ఇంటికి తీసుకెళ్లి తన పిల్లలతో ఆడనిచ్చాడు. అంటే అది తిరిగి రాదని వాళ్లకు తెలుసు.

కోనసీమ మాష్టారు: భావం గొప్పది, కాదనను. మరి "తాను" ఎవరు? వాక్యానికి కర్త నరుడు. తాను చూడని తీరాన్ని తానే ఎలా దాకాడు?

ఓరుగల్లు: "అదియె కనలేని తీరము నంది నరుడు" అంటే చిక్కు తీరుతుంది, యతీ నిలుస్తుంది.

పద్యప్రియ: సవరణకు కృతజ్ఞతలు, అదే ఉంచుతాను. మాష్టారు అన్వయం గురించి చెబుతుంటే మొన్నటి కోతి సమస్య గుర్తొస్తోంది. అందులో రోదసికి వెళ్లిన చింపాంజీ హామ్ "ఆటలాడుచు" మీట లాగిందని రాశారు. 1961 జనవరి 31న ఆ చింపాంజీ చేసింది ఆట కాదు. దీపం వెలిగాక మీట లాగడం ఆలస్యమైతే అరికాలికి కరెంటు షాక్ కొట్టేది.

కోనసీమ మాష్టారు: సరిగా లాగితే అరటిపండు బిళ్ల కూడా ఇచ్చేవారు. అదీ చెప్పండి.

పద్యప్రియ: బిళ్ల ఇస్తే షాక్ ఆట అయిపోతుందా?

నిర్వాహకుడు: కోతిని ఆ పాత చర్చలోనే వదిలేద్దాం. ఇక్కడ కుక్క.

ఓరుగల్లు: అయితే నాదీ ఒకటి.

కుక్క రాకున్న నాకంబుఁ గూడ నొల్ల
ననియె ధర్మజుడానాడె యమరపతికి
నేటి నరుడేమొ దానిని నింగి కొసగి
కుక్క తోకను పట్టియే గోద నీదె

కోనసీమ మాష్టారు: భేష్! ధర్మరాజు నాకు తట్టనే లేదు. అయితే "ఒసగి" మెత్తగా ఉంది నాయనా. లైకా రోజుల తరబడి బతికిందని అప్పట్లో లోకానికి చెప్పారు. వేడికి, బెదురుకు కొన్ని గంటల్లోనే పోయిందన్న నిజం 2002లో గాని బయటికి రాలేదు. ఒసగడమంటే దానం. అది దానం కాదు.

పద్యప్రియ: ఈ మాటకు మాష్టారికి నమస్కారం. ఇదే కొలతతో మీ "పోయి వచ్చిన"ను కూడా చూడండి.

ఓరుగల్లు: "నింగి విడిచి" అంటే? గణం సరిపోతుంది, మెత్తదనమూ పోతుంది.

కోనసీమ మాష్టారు: అదే ఉంచు.

నిర్వాహకుడు: ఈ వారం మెప్పు ఓరుగల్లు గారికి, సవరించిన పాదంతో. పద్యప్రియ గారి రెండో పాదం విడిగా దాచుకుంటున్నాను. వచ్చే వారానికి పిల్లి. 1963 అక్టోబరు 18న ఫ్రాన్స్ వాళ్లు అల్జీరియా ఎడారి నుంచి పైకి పంపిన ఫెలిసెట్ ప్రాణాలతో దిగింది. తర్వాత మెదడు పరీక్ష కోసం దాన్ని చంపేశారు. సమస్యాపాదం ఆదివారం ఇస్తాను. మాష్టారూ, ఈసారి పేర్లు కుదించకండి.