ఐలా విస్కీలోని మందుల వాసన: సీసా చెడిపోయిందా, అదే దాని గుణమా?

కొత్తసీసా (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా బావగారు లండన్ నుండి వస్తూ స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపానికి చెందిన పదేళ్ల సింగిల్ మాల్ట్ విస్కీ ఒకటి తెచ్చారు. ఇంతవరకు నేను రుచి చూసినవన్నీ తేనె, ఎండుద్రాక్షల వాసన వచ్చే స్కాచ్‌లే. దీని మూత తీయగానే, చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసిన టింక్చర్ అయోడిన్ వాసన, దాని వెనుకే నీళ్లు చల్లి ఆర్పిన కట్టెల పొయ్యి పొగ ముక్కుకు తగిలాయి. చెడిపోయిందేమోనని పక్కన పెట్టేశాను గాని, మరునాడు మళ్లీ ఆ వాసన చూడాలనిపించింది. పీపాలను లోపల కాలుస్తారట గదా, ఈ పొగ అక్కడిదేనా? దీనిని ఇష్టపడేవారు ఇందులో ఏమి చూస్తారో తెలిసినవారు దయచేసి వివరించండి.

బార్లీగింజ:
మీ సీసాకు ఏమీ కాలేదండీ. ఆ పొగ పీపాది కాదు, గింజది. మన ఇళ్లలో రాగి మాల్ట్ కోసం రాగులను నానబెట్టి, మూటగట్టి, మొలక రాగానే ఎండబెడతాం గదా. అక్కడ బార్లీకి చేసేదీ అదే. అయితే వానలు, గాలులు తప్ప చెట్లు పెద్దగా లేని ఆ ద్వీపంలో, మొలకెత్తిన గింజను ఆరబెట్టడానికి చేతికందిన వంటచెరకు పీట్ ఒక్కటే. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, హెదర్ పొదలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు మగ్గి ఏర్పడిన నల్లటి మట్టి అది. దానిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, బట్టీలో మంట లేవకుండా రాజబెడతారు. గింజ ఇంకా తడిగా ఉన్నప్పుడే ఆ పొగలోని ఫీనాల్ పదార్థాలు పొట్టుకు పట్టుకుంటాయి. తరువాత పిండి చేసి, పులియబెట్టి, రెండుసార్లు మరగబెట్టి ఆ ఆవిరిని ద్రవంగా పట్టి, ఏళ్ల తరబడి ఓక్ పీపాలో దాచినా అవి వదలవు. వాటిలో గ్వయాకాల్ పొగ వాసననిస్తే, క్రెసాల్‌లు మీరు చెప్పిన ఆసుపత్రి వాసననిస్తాయి. అమెరికాలో మద్యనిషేధం ఉన్న 1920–33 కాలంలో ఐలా విస్కీయే అయిన లఫ్రోయిగ్‌ను ఔషధంగా అమ్మారని చెబుతారు. మనం ఔషధాన్నీ, మద్యాన్నీ ‘మందు’ అనే పిలుస్తాం గనుక ఈ సంగతి నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది.

మీకు మొదట లాగావులిన్ పదహారేళ్లది దొరికి ఉంటే బాగుండేది. అందులో పొగ ఉన్నా, తీపి దానిని మోస్తుంది. ఇక ఆర్డ్‌బెగ్ ఫీనాల్ అంకె 55 పీపీఎం (పది లక్షల భాగాల్లో 55) దాకా ఉంటుంది, కాబట్టి దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

తీరంగాలి:
పై వివరణ చాలా బాగుంది గాని, చివరి మాటతో నేను ఏకీభవించలేను. ఆ పీపీఎం అంకె బట్టీ నుండి వచ్చిన గింజలో కొలిచినది, గ్లాసులో ఉన్నదానిది కాదు. లాగావులిన్‌కూ, కౌల్ ఈలాకూ గింజ గింజను మొలకెత్తించి ఆరబెట్టే పోర్ట్ ఎలెన్ మాల్టింగ్ కేంద్రం నుండే, ఇంచుమించు ఒకే మోతాదు పొగతో వస్తుంది. అయినా మొదటిది చిక్కగా, బరువుగా ఉంటే రెండవది నిమ్మతొక్కలా తేలికగా ఉంటుంది. ఫీనాల్‌లు మరగబెట్టేటప్పుడు చివరగా వచ్చే ధారలో ఎక్కువగా దిగుతాయి గనుక, ధారను ఎక్కడ ఆపాలన్న నిర్ణయమూ, మరగబెట్టే పాత్ర ఆకారమూ ఆ అంకెకంటే ఎక్కువ పని చేస్తాయి. ఐలా అంటే పొగే అనుకోవడం కూడా సరికాదు. బునహావెన్‌లో ఎక్కువ భాగం పొగ పట్టని గింజతోనే చేస్తారు.

ప్రశ్న అడిగినవారికి ఒక సూచన: గ్లాసులో చెంచాడు నీళ్లు కలిపి కాసేపు ఆగండి. ఆల్కహాలు 45 శాతం, అంతకంటే తక్కువ ఉన్న ద్రవంలో గ్వయాకాల్ అణువులు పైభాగానికే చేరుకుంటాయని స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో చూపారు. ఐసు మాత్రం వేయకండి, వాసన ముడుచుకుపోతుంది.

బార్లీగింజ:
మీరు చెప్పింది నిజమేనండీ, అంకెను బట్టి భయపెట్టి ఉండకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ పీపాలో పొగ తగ్గుతుందన్నదీ నేను చెప్పవలసింది.

కొత్తసీసా:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చెంచాడు నీళ్లు కలిపి చూశాను. టింక్చర్ వెనక్కి తగ్గి, ముందు ఉప్పుగాలి, ఆ తరువాత కాల్చిన మొక్కజొన్న కంకి తీపి తెలిశాయి. గ్లాసు కడగకుండానే పడుకున్నాను. తెల్లవారి చూస్తే అడుగున తడి కూడా లేదు గాని, వాసన మాత్రం అలాగే ఉంది. మా అమ్మమ్మగారు పొద్దున్నే పొయ్యిలోంచి తీసి గంపకెత్తే బూడిద వాసన.