అప్‌డేట్: రెట్రోపైలో ప్లేయర్ 1 ఎవరికీ దొరకని సమస్య తీరింది

రెట్రోపైలో (చిన్న కంప్యూటర్ మీద పాత వీడియో గేమ్‌లు ఆడించే సాఫ్ట్‌వేర్) నా ఆర్కేడ్ స్టిక్ ప్లేయర్ 2, తమ్ముడి ప్యాడ్ ప్లేయర్ 3 అయిపోతున్నాయని అడిగాను కదా, దొంగ దొరికాడు. మీరు చెప్పినట్టే జేఎస్‌టెస్ట్‌తో (ఏ బటన్ నొక్కామో తెర మీద చూపే ప్రోగ్రాం) జేఎస్0, అంటే లైనక్స్ మొదటి జాయ్‌స్టిక్‌కి ఇచ్చే పేరు, తెరిచి చూశా. స్టిక్ మీద ఏ బటన్ నొక్కినా తెర మీద అన్నీ 'ఆఫ్' అనే ఉన్నాయి. తీరా చూస్తే ఆ జేఎస్0 నా వైర్‌లెస్ కీబోర్డు డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్)! లైనక్స్ (రెట్రోపై కింద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) దాన్ని జాయ్‌స్టిక్ అనుకుని మొదటి నంబరు ఇచ్చేస్తోంది.

డాంగిల్ పీకేస్తే సరిపోతుంది గానీ, కీబోర్డు లేకుండా నాకు కుదరదు. అందుకే రెట్రోఆర్చ్ (రెట్రోపైలో ఆటలు నడిపే ప్రోగ్రాం) కాన్ఫిగ్ ఫైల్లో, అంటే సెట్టింగులుండే ఫైల్లో, ప్లేయర్ 1 జాయ్‌ప్యాడ్ ఇండెక్స్ 1, ప్లేయర్ 2కి 2 అని రాశా (లెక్క 0 నుంచి మొదలు, ఆ 0 డాంగిల్‌ది). ఫైల్లో కాకుండా రెట్రోఆర్చ్ మెనూలో మార్చి వదిలేస్తే ఆట మూయగానే పోతుంది. రెట్రోపైలో బయటికొచ్చేటప్పుడు మార్పులు సేవ్ చేసే ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది మరి.

బ్లూటూత్ ప్యాడ్‌తో ఇంకా చూడలేదు.