‘అల వైకుంఠపురంబులో’ జూమా, ట్రాలీయా?

గజేంద్రమోక్షం మీద ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు ‘పోతన ఆ రోజుల్లోనే జూమ్ షాట్ రాశాడండీ’ అంటారు. మెచ్చుకోలు బాగానే ఉంది. నాకు ఆ ‘జూమ్’ దగ్గరే పేచీ. ముందు పద్యం చూడండి.

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరఃప్రాంతేందుకాంతోపలో
త్పలపర్యంకరమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వలనాగేంద్రము పాహిపాహి యన గుయ్యాలించి సంరంభియై

పురం, అందులో నగరి, ఆ మూలనున్న మేడ, దాని దాపున మందారవనం, వనం లోపల అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంతశిల, దానిమీద కలువల పాన్పు, అక్కడ లక్ష్మితో విష్ణువు. పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తున్నాం కాబట్టి జూమ్ అనేస్తున్నారు.

కానీ జూమ్‌లో కెమెరా ఉన్నచోటే ఉంటుంది. మారేది లెన్సు ఫోకల్ లెంగ్త్, అంటే దూరపుదాన్ని ఎంత పెద్దగా చూపాలో తేల్చే కొలత. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. మనిషికి చెట్టు అడ్డంగా ఉంటే ఎంత జూమ్ చేసినా అడ్డంగానే ఉంటుంది. ట్రాలీ (పట్టాల మీద నడిచే బండి) మీద కెమెరా ముందుకు వెళ్తే దగ్గరివి గబగబా పెరిగి ఫ్రేము అంచుల్లోంచి తప్పుకుంటాయి, దూరపువి నెమ్మదిగా పెరుగుతాయి, ఇందాక చెట్టు చాటున ఉన్నది ఇప్పుడు బయటపడుతుంది. మేడ పక్కకి తిరిగి, తోటలో దూరి, సరస్సు ఒడ్డుకి చేరడం జూమ్ వల్ల అయ్యే పని కాదు. పోతనది ట్రాలీ.

పేరులో ఏముందిలే అనకండి. జూమ్ అయితే మనం ఏనుగు పక్కనే మడుగులో నిలబడి, దూరాన ఉన్న దేవుణ్ణి పెద్దగా చేసుకుని చూస్తున్నట్టు. ఈ పద్యంలో మొర అక్కడిదాకా వెళ్ళింది. మనమూ దానితో వెళ్ళాం.

వ్యాఖ్య: నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తానండీ. మీ మాటతో ఏకీభవిస్తున్నా. సెట్లో చాలాసార్లు ట్రాక్ వేసే టైం లేక జూమ్‌తో సరిపెట్టేస్తారు. చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా తేడా తెలిసిపోతుంది. అలాగని జూమ్‌ని చిన్నచూపు చూడక్కర్లేదు. సత్యజిత్ రాయ్ ‘చారులత’ (1964) మొదట్లో చారు ఒంటరిగా ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది. భర్త పుస్తకం చదువుకుంటూ ఆమెను గమనించకుండానే దాటిపోతాడు. ఆమె చేతి కళ్ళద్దం పెట్టుకుని అతన్ని చూస్తుంది. అద్దంలో దగ్గరగా ఉన్నాడు. చెయ్యి దించగానే కెమెరా చటుక్కున జూమ్ బ్యాక్ అవుతుంది. అద్దం దగ్గర చేసింది బొమ్మని, మనిషిని కాదు. అక్కడ ట్రాలీ వేసి ఉంటే సీను అబద్ధం అయ్యేది.

వ్యాఖ్య: కెమెరా సంగతి నాకు తెలియదు గానీ, ఇందులో పోతన గొప్ప కొంత, తెలుగు వాక్యం అలవాటు కొంత. మనకి విశేషణాలన్నీ ముందు, అసలు నామం చివర. ‘చెరువు గట్టు మీద మర్రిచెట్టు కింద కూర్చున్న ముసలాయన’ అని ఎవరన్నా ముందు చెరువే కనిపిస్తుంది, ముసలాయన ఆఖర్న వస్తాడు. తెలుగులో మాట్లాడే ప్రతివాడూ ట్రాలీ తోస్తున్నవాడే. పోతన సొంతంగా చేసింది వేరే ఉంది. మొదట ‘పురంబులో’, ‘నగరిలో’ అని ఒక్కో విభక్తి దగ్గర ఆపాడు. ‘మందార’ దగ్గర్నుంచి విభక్తులు తీసేసి ఒకే సమాసంలో పడేశాడు. ఇక ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు.

జవాబు: ఈ సంగతి నాకు తట్టలేదండీ. అంటే ట్రాలీ నెమ్మదిగా బయల్దేరి తోట దగ్గర స్పీడ్ అందుకుంది. పైగా మధ్యలో కట్ లేదు.

వ్యాఖ్య: రెండూ కలిపి చేస్తే? హిచ్‌కాక్ సినిమా ‘వెర్టిగో’ (1958)లో మెట్ల షాట్ అలాంటిదే కదా, ట్రాలీ ఒకవైపు, జూమ్ ఎదురువైపు.

జవాబు: అది కళ్ళు తిరగడానికి పెట్టిన షాట్ అండీ. ముందున్న వస్తువు సైజు మారదు, వెనకున్న చోటు సాగిపోతుంది. వైకుంఠానికి అది ఎందుకు! ఏనుగు కాలు మొసలి పట్టుకున్న క్షణానికైతే ఆలోచించవచ్చు.

వ్యాఖ్య: ఎడిటింగ్ చేసేవాణ్ణి, నాకు తర్వాతి పద్యం ఇవ్వండి.

సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తరధమ్మిల్లము జక్క నొత్తడు వివాదప్రోత్థితశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై

ఒక్కో ‘డు’ దగ్గర ఒక కట్. ఆరు క్రియలు, ఆరు షాట్లు. మొదటివి చిన్నవి. చివరిది, లక్ష్మి కొంగు వదలని షాట్, ఒక పాదంలో మొదలై ఇంకో పాదంలోకి సాగింది. సైజులు కూడా గమనించండి: లక్ష్మి, ఆయుధాలు, పరివారం, గరుడుడు, అక్కణ్ణుంచి ఒక్కసారిగా చెవి దగ్గర జారిన జుట్టు, ఆపైన వేళ్ళలో ఇరుక్కున్న కొంగు. ఆ కొంగు క్లోజప్ మొదట్లో పెడితే సరసం సీను అవుతుంది. ఆఖర్న పెట్టాడు కాబట్టి, చేతిలో ఏముందో కూడా తెలియనంత తొందర అని అర్థమవుతుంది. బొమ్మ అదే, వరస మారితే భావం తలకిందులు.

నాకొక చిక్కు మాత్రం మిగిలింది. ఇవన్నీ ‘చేయలేదు’లు. కెమెరాకి ‘లేదు’ అనడం రాదు. విష్ణువు లక్ష్మికి చెప్పలేదు అన్నది షాట్‌లో ఎలా చూపిస్తాం?

జవాబు: మంచి ప్రశ్న. చేయనిదాన్ని చూపలేం గానీ, చేస్తాడని ఎదురుచూసేవాళ్ళని చూపవచ్చు. లక్ష్మి ఏదో అడగబోతూ తల తిప్పిన రియాక్షన్ షాట్. ఫ్రేములో శంఖచక్రాలు అలాగే ఉండగా ముందు నుంచి ఆయన దాటిపోవడం. గరుడుడు రెక్క విప్పి ఆగిపోవడం. ఒక్కో షాట్‌లో వస్తువు ఉంటుంది, దానికోసం రావలసిన చెయ్యి రాదు. ప్రేక్షకుడే ‘అయ్యో, తీసుకోలేదే’ అనుకుంటాడు.

వ్యాఖ్య: ఆ తర్వాత ‘తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుడు...’ అంటూ ఆబాలగోపాలం దాకా వెళ్ళే పద్యం ఉంది కదా. అదైనా జూమ్ అవుట్ అని ఒప్పుకుంటారా?

జవాబు: ఒప్పుకోనండీ, క్షమించాలి! జూమ్ అవుట్‌లో విష్ణువు కూడా చిన్నవాడైపోతాడు. పద్యం ‘తన’తో మొదలైంది, అందరి చోటూ ఆయన్ని బట్టే. ఆయన మనవైపు వస్తుంటే అదే వేగంతో కెమెరా వెనక్కి వెళ్తోంది. ఆయన సైజు మారదు, వెనక ఒక్కొక్కరు చేరి ఫ్రేము నిండుతుంది. చివర ‘వైకుంఠపురంబునం గలుగువారు’ దగ్గర కావాలంటే క్రేన్ పైకి లేపండి, అభ్యంతరం లేదు.

వ్యాఖ్య (కెమెరా డిపార్ట్‌మెంట్): అయితే ‘అడిగెదనని కడువడి జను, నడిగిన దన మగుడ నుడువడని నడ యుడుగున్’ సంగతి తేల్చండి. లక్ష్మి అడుగుదామని అడుగు వేస్తుంది, అడిగినా బదులు చెప్పడని ఆగుతుంది, మళ్ళీ వేస్తుంది. అందరూ పాదాల క్లోజప్ అంటారు. నాకైతే మిడ్ షాట్ (నడుము నుంచి పైకి), చేతిలో కెమెరా, ఒకే టేక్. పాదాలే చూపిస్తే ఆగిందని తెలుస్తుంది, ఎందుకు ఆగిందో తెలియదు. ఆ ‘ఎందుకు’ మొహంలో ఉంది.

వ్యాఖ్య (ఎడిటర్): మొహం వద్దండీ. ఆ డకారాలన్నీ అడుగుల చప్పుడే. మొహం మీద ఉంటే ఆ చప్పుడు వినపడినా లెక్కలోకి రాదు. పాదాలు తీసి ఇవ్వండి, మొహం కూడా విడిగా ఒక టేక్ తీసి పెట్టండి, టేబుల్ దగ్గర చూసుకుందాం.

వ్యాఖ్య (కెమెరా డిపార్ట్‌మెంట్): అదిగో, రెండూ తీయించుకుని కట్ చేసేస్తారు. నేను ఒకే టేక్ అన్నది మీకు భయపడే!