ఉబుంటు 23.10లో అప్‌డేట్లు రావడం లేదు: సోర్సులు సరిచేయడం ఎలా?

సందేహం: అందరికీ నమస్కారం. గాజువాకలోని మా ట్యూషన్ సెంటరు కంప్యూటరులో ఉబుంటు 23.10 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) ఉంది. టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ అని ఇచ్చిన ప్రతిసారీ 404 ఎర్రరుతో పాటు, రిపాజిటరీలో (ప్యాకేజీలు ఉంచే సర్వరులో) రిలీజ్ ఫైలు ఇక లేదన్న సందేశం వస్తోంది. నెట్ బాగానే ఉంది. ద్వారకానగర్‌లో ఒక దుకాణంలో అడిగితే, మొత్తం ఫార్మాట్ చేయాల్సిందే అన్నారు. వేరే మార్గం ఉంటే దయచేసి తెలియజేయగలరు.

సమాధానం: మాస్టారూ, ఫార్మాట్ చేయనవసరం లేదు. 2023 అక్టోబరులో విడుదలైన ఆ వెర్షన్‌కు తొమ్మిది నెలల సపోర్టే ఉండేది. అది 2024 జూలైలో ముగిసింది. గడువు తీరిన వెర్షన్ల ప్యాకేజీలను ప్రధాన సర్వరు నుంచి తీసి, పాత వెర్షన్ల కోసమే ఉన్న మరో సర్వరులో ఉంచుతారు. మీ కంప్యూటరు ఇంకా మొదటి చోటే వెతుకుతోంది.

ముందు పిల్లల ఫైళ్ళను పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో చెప్పలేం. తరువాత ‘ఈటీసీ’లోని ‘ఆప్ట్’ ఫోల్డరులో ఉన్న ‘సోర్సెస్ డాట్ లిస్ట్’ ఫైలుకు (ప్యాకేజీలను ఏ సర్వరులో వెతకాలో ఇందులో ఉంటుంది) నకలు తీసి, అసలు ఫైలును సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో తెరిచి, ‘ఇన్ డాట్ ఆర్కైవ్ డాట్ ఉబుంటు డాట్ కామ్’ అని ఉన్న చోటల్లా ‘ఓల్డ్ హైఫన్ రిలీజెస్ డాట్ ఉబుంటు డాట్ కామ్’ అని మార్చండి. ‘సెక్యూరిటీ డాట్ ఉబుంటు డాట్ కామ్’ వరుసలనూ అలాగే మార్చాలి. చాలామంది వీటిని వదిలేసి, ఎర్రర్లు సగమే పోయాయని మళ్ళీ అడుగుతుంటారు. 23.10 సంకేతనామమైన ‘మాంటిక్’ అన్న పేరును మాత్రం ముట్టుకోకండి. దాన్ని చేత్తో ‘నోబుల్’ (24.04 సంకేతనామం) అని మార్చమనే సలహాలు కనిపిస్తాయి గానీ, అలా చేస్తే రెండు వెర్షన్ల ప్యాకేజీలు కలగాపులగమవుతాయి.

ఆపైన అప్‌డేట్, అప్‌గ్రేడ్ పూర్తిచేసి, రీస్టార్ట్ చేసి, ‘సుడో డు-రిలీజ్-అప్‌గ్రేడ్’ ఇవ్వండి. పాత సర్వరులో కొత్త భద్రతా సవరణలేవీ రావు కనుక అక్కడే ఆగిపోకుండా, 2029 వరకు సపోర్టు ఉన్న 24.04కు వెళ్ళండి.

సందేహం: ధన్యవాదాలండీ. 404 పోయింది. ఇప్పుడు ఒక బ్రౌజరు రిపాజిటరీకి మాత్రం పబ్లిక్ కీ (ప్యాకేజీల డిజిటల్ సంతకాన్ని తనిఖీ చేసే కీ) లేదని వస్తోంది.

సమాధానం: అది ఉబుంటుది కాదు, బయటి రిపాజిటరీ. ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’లో ‘అదర్ సాఫ్ట్‌వేర్’ కింద దాని టిక్కు తీసేయండి. అప్‌గ్రేడ్ సమయంలో అటువంటివి ఎలాగూ నిలిపివేయబడతాయి. తరువాత ఆ బ్రౌజరు తయారీదారుల సైటు నుంచే కొత్త కీ తెచ్చుకోండి. ‘ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్’ అని చేర్చితే ఎర్రరు మాయమవుతుంది, సంతకం తనిఖీ కూడా దానితోనే పోతుంది; ఆ పని చేయకండి. 24.04లో సోర్సులు ‘ఉబుంటు డాట్ సోర్సెస్’ అనే ఫైలులో ఉంటాయి కనుక, పాత ఫైలు ఖాళీగా కనిపిస్తే కంగారు పడవద్దు.